రైను నదికి త్రోవ తీర్చిన టుల్లా

క్రీస్తుశకము 1813వ సంవత్సరమున జర్మనీ దేశమునందలి బాడెన్ రాజ్యములో డెట్టెన్‌హైమ్ అను గ్రామము లేచిపోయెను. లేచిపోవుట యనగా నిజముగా లేచిపోవుటయే. ఆ గ్రామము రైను నది యొడ్డున నుండెను. వరద వచ్చినప్పుడెల్ల పొలములను ముంచుచు, గట్టును కోయుచు, నది ఇండ్ల చెంతకు జరుగుచు వచ్చెను. గ్రామస్థులు కట్టలు పోసి పోసి విసిగిరి. తుదకు ప్రభువు అనుమతిని పొంది, నదికి దూరముగా వేరొక స్థలమున ఇండ్లు కట్టుకొనిరి. క్రొత్త యూరికి అప్పటి ప్రభువగు కార్ల్ పేరు మీదుగా కార్ల్స్‌డార్ఫ్ అని పేరిడిరి. లంకగ్రామములలో పుట్టి పెరిగినవారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. కాళ్ళక్రింది నేల కరగిపోవుచుండగా చూచుచు నిలుచుండుట యెట్టిదో వారెరుగుదురు.

ఆ నదిని చక్కదిద్దుటకై తన జీవితమును ధారవోసినవాడు యోహాన్ గాట్‌ఫ్రీడ్ టుల్లా అను ఇంజనీరు. రైను తీరమున అతని పేరు తెలియనివారరుదు. అతని పేర వీథులును, స్మారక స్తంభమును, ఒక గోపురమును అక్కడ వెలసినవి. అయినను అతడు చేసిన మేలెంత, ఆ మేలు వెంట వచ్చిన కీడెంత అను చర్చ రెండువందల యేండ్లు గడచినను ముగియలేదు. ఇట్టి జీవితములు చదువదగినవి.

రైను నది స్విట్జర్లాండు దేశపు ఆల్ప్స్ పర్వతములలో పుట్టి, ఆస్ట్రియా, జర్మనీ, ఫ్రాన్సు దేశముల సరిహద్దులను ఒరసికొనుచు, జర్మనీ నడుమగా సాగి, నెదర్లాండ్సు దేశమున పాయలై ఉత్తర సముద్రమున గలియును. దీని పొడవు సుమారు 1230 కిలోమీటర్లు. బాజెల్ నగరము దాటిన పిమ్మట నది ఉత్తరమునకు తిరిగి, రెండు కొండల వరుసల నడుమనున్న విశాలమైన మైదానమున ప్రవేశించును. అక్కడ పూర్వము దానికి ఒక గర్భమని యుండెడిది కాదు. పై భాగమున లెక్కకు మించిన పాయలుగా చీలి, రెండువేలకు పైగా లంకలను ఏర్పరచుకొని ప్రవహించెడిది. కార్ల్‌స్రూహె నగరము దిగువన పాయలు కలిసి ఒకటియై, పాము మెలికలవలె పెద్ద పెద్ద వంకలు తిరిగెడిది. ఒక వంకనుండి మరియొక వంకకు నేలమీద అరగంట నడకయైన చోట, పడవవాడు నీటిమీద గంటలకొలది తిరిగి రావలసియుండెడిది.

ఆల్ప్స్ మంచు కరగినప్పుడు వేసవిలో ఒక వరద. వర్షము, మంచుగడ్డలు కలిసినప్పుడు శీతకాలమున ఇంకొక వరద. వరద తీసిన తరువాత మడుగులు మిగులును. మడుగులలో దోమలు పెరుగును. చలిజ్వరము ఇంటింట నుండెడిది. దోమకును జ్వరమునకును గల సంబంధము అప్పటి వైద్యులకు తెలియదు. బురదనుండి లేచు చెడుగాలియే జ్వరమునకు కారణమని వారు తలచెడివారు. కారణము తప్పైనను, మడుగులు పోయిన జ్వరము పోవునన్న తలంపు మాత్రము తప్పు కాలేదు.

వరదకంటెను చిక్కైన సంగతి వేరొకటి కలదు. ఈ నది ఒకరి సొత్తు కాదు. ఇరుగట్లను పదునెనిమిదవ శతాబ్దమున చిన్న పెద్ద ప్రభువులు పంచుకొనియుండిరి. తూర్పుగట్టువారు తమ పొలము నిలుపుకొనుటకు కంపమోపులతో ఒక అడ్డుకట్ట వేయుదురు. నీరు దానికి తగిలి పడమటి గట్టు మీదికి పోవును. అక్కడ కోత పడును. పడమటివారు దానికి బదులుగా మరియొక కట్ట వేయుదురు. కోత తిరిగి తూర్పునకు వచ్చును. తరతరములుగా ఇదే పని. నది వంక మార్చుకొన్నప్పుడెల్ల నిన్న మన గట్టున నున్న అడవి నేడు ఎదుటి గట్టున తేలును. అది ఎవరిదను వ్యాజ్యములు ఏండ్ల తరబడి నడచును. నీటిని గూర్చి నీటితో పోరాడుట మాని ఎదుటివారితో పోరాడుచుండిరన్నమాట.

టుల్లా 1770వ సంవత్సరము మార్చి 20వ తేదీన కార్ల్‌స్రూహె నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడును ఆ వృత్తియందే ప్రవేశింపవలెనని పెద్దల కోరిక. కాని బాలునకు గణితమునందు మెండైన అభిరుచి యుండెను. బాడెన్ ప్రభువు కార్ల్ ఫ్రీడ్రిహ్ గుణగ్రాహి. చదువుకొన్నవారిని పోషించుట రాజ్యమునకు లాభమని తెలిసినవాడు. ఆయన ఈ యువకుని శక్తి గుర్తించి, ప్రభుత్వ వ్యయమున చదివించెను. టుల్లా మొదట లాంగ్స్‌డార్ఫ్ అను ప్రసిద్ధ గణితజ్ఞునివద్ద, ఉప్పు పరిశ్రమలున్న చోట, నీటి చలనమును, యంత్రములను అభ్యసించెను. పిదప నెదర్లాండ్సు మున్నగు ప్రాంతములు తిరిగి, సముద్రమట్టమునకు దిగువనున్న నేలలను అచ్చటివారు ఏవిధముగా కాపాడుకొనుచున్నారో కన్నులార చూచెను. ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయమునందు కొంతకాలము చదివెను. 1797లో స్వదేశమున ఇంజనీరుగా నియుక్తుడయ్యెను. 1801 నుండి 1803 వరకు పారిస్ నగరముననుండి, ఐరోపాలో అప్పటికి అగ్రగణ్యులైన ఫ్రెంచి ఇంజనీర్ల పద్ధతులను నేర్చెను.

చదివిన చదువు తనతో పోరాదని అతని ఆశయము. 1807లో కార్ల్‌స్రూహెలో ఒక ఇంజనీరింగు పాఠశాలను స్థాపించెను. నదిని కొలుచుట, పటము గీయుట, మట్టి లెక్క కట్టుట తెలిసిన యువకులు లేనిదే ఏ పనియు సాగదని అతడు గ్రహించెను. ఆ పాఠశాల 1825లో ఏర్పడిన పాలిటెక్నిక్ విద్యాలయమున లీనమయ్యెను. ఆ విద్యాలయమే పెరిగి నేడు లోకప్రసిద్ధమైన సాంకేతిక విశ్వవిద్యాలయముగా నున్నది.

అదే 1807వ సంవత్సరమున స్విట్జర్లాండునుండి ఆహ్వానము వచ్చెను. అక్కడ లింత్ అను కొండయేరు రాళ్ళను, ఇసుకను దొర్లించుకొనివచ్చి మైదానమున పోయుచుండెను. దానివలన వాలెన్ సరస్సునుండి నీరు పోవు త్రోవ పూడుకొనిపోయి, సరస్సు మట్టము ఏటేట పెరిగి, తీరమునందలి వీథులలో నీరు నిలుచుచుండెను. చుట్టుప్రక్కల నేల యంతయు చిత్తడియై, జ్వరముతో జనము క్షీణించిరి. జ్యూరిక్ నగరవాసియగు హాన్స్ కాన్రాడ్ ఎషర్ అను మహనీయుడు ఈ కష్టమును తీర్చుటకు పూనుకొనెను. వాటాలు అమ్మి దేశమంతటినుండి ధనము కూర్చిరి. ఏటిని నేరుగా సరస్సులోనికి మళ్ళించి, అది తెచ్చు రాళ్ళను ఇసుకను సరస్సు లోతులలో దిగవిడుచుట యందలి ఉపాయము. టుల్లా వెళ్ళి కొలతలు తీసి, లెక్కలు చూచి, పనికి శాస్త్రీయమైన రూపమొసగెను. 1811లో లింత్ నీరు క్రొత్త కాలువద్వారా సరస్సున ప్రవేశించెను. ఒక నదిని మనుష్యులు కలిసి పూనుకొనినచో మళ్ళింపగలరని టుల్లా అక్కడ చూచెను. కాని లింత్ చిన్న యేరు. దిగువన దాని నెదురు చూచు సరస్సున్నది. రైను నదికి దిగువన సరస్సు లేదు, మనుష్యులున్నారు. ఈ భేదము తరువాతి కథకు ముఖ్యము.

తిరిగివచ్చి టుల్లా రైను నదిని గూర్చి తన మహాప్రణాళికను సిద్ధపరచెను. 1812లో దానిని సిద్ధాంతరూపమున వ్రాసి పెట్టెను. అక్కడొక కట్ట, ఇక్కడొక కట్ట వేయుట వ్యర్థమనియు, ఏ నదికైనను ఒక గర్భమే చాలుననియు, బాజెల్ మొదలుకొని రాజ్యపు ఎల్లవరకు నది యంతయు ఒకే యెత్తున, ఒకే లెక్కతో చక్కదిద్దబడవలెననియు అతని మతము. అందులకు ఇరుగట్ల ప్రభువులును సమ్మతింపవలెను. ఒక గట్టున పార పట్టి రెండవ గట్టున కత్తి పట్టుకొన్న ఈ పని సాగదు.

పని సాగు విధము చదువరులు తెలిసికొనదగినది. నది వంక తిరిగినచోట, ఆ వంక మెడవద్ద ఇరుకుగానున్న నేలను అడ్డముగా కోయుదురు. కాని నది వెడల్పంతయు త్రవ్వరు. అట్లు త్రవ్వవలెనన్న ఏ రాజు బొక్కసమును చాలదు. సన్నని కాలువ నొకదానిని మాత్రము త్రవ్వి, రెండు కొనలయందును మట్టి అడ్డు నిలిపియుంతురు. నది నిండుగానున్న సమయమున ఆ అడ్డులను తెంపుదురు. నీరు దగ్గరి త్రోవ కనుగొని అందులోనికి దూకును. త్రోవ పొట్టిదైన వాలు హెచ్చును. వాలు హెచ్చిన వేగము హెచ్చును. వేగము హెచ్చిన నది తన గర్భమును తానే కోసికొని లోతు చేసికొనును, వెడల్పు చేసికొనును. ఒక్కొక్కచోట దీనికి కొలది మాసములు చాలెను. ఒక్కొక్కచోట పదుల యేండ్లు పట్టెను. 200 మొదలు 250 మీటర్ల వెడల్పు వచ్చిన పిమ్మట, కంపమోపులతో రాళ్ళతో గట్లను బిగింతురు. పాత వంక మెల్లగా పూడి పొలమగును. గర్భము లోతైన కొలది నీటిమట్టము తగ్గును. వరద గట్టు దాటదు. ప్రక్కనున్న చిత్తడి నేల ఆరును. మనిషి పది పాళ్ళు పని చేసిన, నది తొంబది పాళ్ళు చేయును. శత్రువునే కూలివానిగా పెట్టుకొను ఈ యుక్తి టుల్లా కనిపెట్టినది కాదు. కాని ఇంత పెద్ద నదిమీద, ఇంత దూరము, ఇంత ధైర్యముతో ప్రయోగించినవాడు మాత్రము అతడే.

పటములు సిద్ధమైనను రాజ్యములు సిద్ధముగా లేవు. ఎదుటి గట్టంతయు అప్పుడు ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియను ఏలుబడిలో నుండెను. యుద్ధములు ముగిసి, నెపోలియను పతనమైన తరువాత, 1816లో ఎదుటి గట్టున ఉత్తర భాగము బవేరియా రాజునకు సంక్రమించెను. దక్షిణమున అల్సాస్ ఫ్రాన్సునకే మిగిలెను. ఆ 1816వ సంవత్సరమున వేసవి రాలేదు. ఎడతెగని వానలచే పైరులు కుళ్ళెను. కరవు వచ్చెను. ఆకలి కడుపులు ప్రభువులను తొందరపెట్టెను కాబోలు, 1817లో బాడెనును బవేరియాయు ఒడంబడిక చేసికొనినవి. క్నీలింగెన్, ఎగ్గెన్‌ష్టైన్ మున్నగు చోట్ల నదీ వంకలను కోయుటకు నిశ్చయమయ్యెను. ఆ యేటనే టుల్లా బాడెన్ రాజ్యపు జలమార్గములకును, రహదారులకును ప్రధానాధికారిగా నియమింపబడెను.

ఇక పని మొదలిడుటయే తరువాయి అని తోచును. కాని క్నీలింగెన్ గ్రామస్థులు అడ్డుతగిలిరి. తమ మేలుకొరకే చేయు పనిని తామే కాదనుట వింతగా నుండవచ్చును. కాని వారి పక్షమునుండి చూడవలెను. కాలువ త్రవ్వు నేల వారిది. నది త్రోవ మారినచో వారి పొలములు కొన్ని ఎదుటి గట్టున, అనగా పరరాజ్యమున, చిక్కుకొనును. లంకలలో పశువుల మేతయు, కంపయు, వెదురువంటి రెల్లును వారికి జీవనాధారములు. బెస్తలకు వంకలలోని మడుగులే వలలు వేయు చోట్లు. మరియొక జీవనమును ఉండెను: రైను ఇసుకలో బంగారు రజను కలదు. దానిని పళ్ళెములలో బల్లలపై కడిగి ఏరుకొను కుటుంబములు ఊరూర నుండెడివి. ఆ బంగారముతో బాడెన్ ప్రభువులు నాణెములు గూడ ముద్రించిరి. వేగముగా పారు తిన్నని నదిలో బంగారు రజను నిలువదు. ఈ కష్టములన్నియు ఒక ప్రక్కన. వరద రాదన్న ఇంజనీరు మాట ఒక ప్రక్కన. ఆ మాట ఇంకను కాగితముమీది మాటయే. ప్రభుత్వము సైనికులను పిలిపించి, వారి కాపలాలో కాలువ త్రవ్వించెను. టుల్లా గుణములను పొగడువారు ఈ ఘట్టమును తేలికగా దాటిపోవుదురు. అది న్యాయము కాదు. ఊరివారిని కూర్చుండబెట్టి నచ్చజెప్పుటకు పట్టు ఓర్పు అతనికి తక్కువ. తన లెక్క సరియైనదని తనకు తెలియును గనుక, ఇతరులకును తెలిసినట్లే భావించెడివాడు.

లెక్క సరియైనదే యని కాలము నిరూపించెను. కోతలు తెరచినచోట్ల నీటిమట్టము తగ్గెను. 1824లో మహావరద వచ్చినప్పుడు, పని జరిగిన భాగమునకును జరుగని భాగమునకును గల భేదము కన్నులకు గట్టినట్లు కనబడెను. నిన్న కాదన్న గ్రామములే మాకును త్రవ్వుడని అర్జీలు పెట్టసాగినవి. 1825లో బాడెన్, బవేరియాలు మరికొన్ని కోతలకై రెండవ ఒడంబడిక చేసికొనినవి.

అప్పుడు దిగువనుండి కేక వినవచ్చెను. రైను దిగువభాగము ప్రష్యా రాజ్యమునది. అంతకంటె దిగువ నెదర్లాండ్సు. ఎగువవారి వరదనీరు వంకలలో, మడుగులలో, అడవులలో కొన్నాళ్ళు నిలిచి మెల్లగా వచ్చుచున్నది గనుక తాము బ్రతుకుచున్నామనియు, వంకలు కోసినచో ఆ నీరంతయు ఒక్కమారే తమ నెత్తిమీద పడుననియు వారి వాదము. బెర్లినునందలి జలనిర్మాణ పండితుడు ఐటెల్వైన్ ఈ పక్షమున గట్టిగా వ్రాసెను. టుల్లా తన గ్రంథములలో దీనికి సమాధానము చెప్పెను. దిగువ దేశములకు చెప్పుకొనదగిన హాని కలుగదని అతని విశ్వాసము. ప్రష్యా ఒత్తిడివలన కొన్ని కోతలు ఆగినవి. కొన్ని చాలకాలము వాయిదా పడినవి. మాన్‌హైమ్ చెంతనున్న ఫ్రీజెన్‌హైమ్ కోత 1860ల వరకు తెరవబడలేదు.

ఈ వాదమున ఎవరిది నిజము? ఇరుగట్లవారు కలిసినగాని నది చక్కబడదని లోకమునకు చాటినవాడు టుల్లా. అడ్డముగా చూచినప్పుడు, అనగా ఈ గట్టునుండి ఆ గట్టునకు చూచినప్పుడు, నది ఉమ్మడి సొత్తని అతనికి స్పష్టముగా తోచెను. నిలువుగా, ఎగువనుండి దిగువకు చూచినప్పుడు మాత్రము అంత స్పష్టముగా తోచలేదు. అతని జీతము బాడెన్ ప్రభువిచ్చునది. అతని కండ్లయెదుట నున్నది బాడెన్ రైతుల కన్నీరు. కొలోన్ నగరపు వీథులను అతడు లెక్కలో పరిశీలించెను గాని, మనసున పెట్టుకొనలేదేమో.

ఎడతెగని ప్రయాణములు, నదీతీరపు చిత్తడి, పని ఒత్తిడి అతని శరీరమును పాడుచేసెను. మూత్రకోశమున రాళ్ళు పుట్టి తీవ్రమైన బాధ కలిగెను. చికిత్సకై పారిస్ నగరమునకు పోయి, 1828వ సంవత్సరము మార్చి 27వ తేదీన అక్కడనే మరణించెను. ఏబది యెనిమిదవ జన్మదినము గడచి వారమైనను కాలేదన్నంతగా, సరిగా ఏడు దినములు. పారిస్ నగరపు మోన్‌మార్త్ర్ శ్మశానమున అతనిని సమాధి చేసిరి. తాను తలపెట్టిన పనిలో స్వల్పభాగమునే అతడు చూడగలిగెను.

పని ఆగలేదు. అతని శిష్యులు దానిని కొనసాగించిరి. 1840లో బాడెనును ఫ్రాన్సును ఒడంబడిక చేసికొని, నది సరిహద్దును స్థిరపరచి, దక్షిణభాగమునను పని సాగించినవి. తరువాతి తరమున మాక్స్ హోన్సెల్ అను ఇంజనీరు దానిని పూర్తిచేసెను. 1876 నాటికి బాజెల్ నుండి వోర్మ్స్ వరకు 354 కిలోమీటర్లున్న నది 273 కిలోమీటర్లయ్యెను. ఎనుబది యొక్క కిలోమీటర్ల నది పటమునుండి తొలగిపోయెను. లంకలు పోయెను. చలిజ్వరము తీరగ్రామములనుండి క్రమముగా అంతరించెను. చిత్తడి నేలలు పంటపొలములయ్యెను. డెట్టెన్‌హైమ్ వలె లేచిపోవలసిన యగత్యము ఏ యూరికిని మరల కలుగలేదు. ఇది చిన్న మేలు కాదు. తల్లిదండ్రులు చలిజ్వరముతో బిడ్డలను పోగొట్టుకొన్న యిండ్లలో ఇది ఎంత మేలో ఊహించుకొనవచ్చును.

కాని కోసికొమ్మని చెప్పిన నది ఎక్కడ ఆపవలెనో తెలియక ఇంకను కోసికొనెను. దక్షిణభాగమున గర్భము కొన్ని మీటర్ల లోతునకు దిగిపోయెను. దానితో భూగర్భజలమును దిగెను. బావులెండెను. ఒకప్పుడు నీటిలో మునిగిన అడవులు నీరులేక మోడువారెను. ఇష్టైన్ గ్రామమువద్ద నదిలో బండలు బయటపడి పడవలకు అడ్డమయ్యెను. బంగారము కడుగువారు తమ బల్లలను అటకెక్కించిరి. దిగువవారి భయమును పూర్తిగా అబద్ధము కాలేదు: 1882వ సంవత్సరము చివర, 1883 ప్రారంభమున వచ్చిన వరద వోర్మ్స్ ప్రాంతమును ముంచివైచెను.

ఇరువదవ శతాబ్దమున నదికి మరియొక శిక్ష తగిలెను. మొదటి ప్రపంచయుద్ధము పిమ్మట ఫ్రాన్సు దేశము విద్యుచ్ఛక్తికై బాజెల్ దిగువన ఆనకట్టలను, ప్రక్కకాలువను కట్టనారంభించెను. 1932లో కెంబ్స్ వద్ద మొదటిది ముగిసెను. 1977లో ఇఫెజ్‌హైమ్ వద్ద చివరిది ముగిసెను. వీనివలన వరదనీరు వ్యాపించుటకు మిగిలియున్న నేలలోను అధికభాగము పోయెను. పూర్వము బాజెల్ నుండి కార్ల్‌స్రూహె చేరుటకు రెండు దినములకు పైగా పట్టిన వరద, ఒకటిన్నర దినము లోపలనే చేరసాగెను. పూర్వము నెకర్ అను ఉపనది వరద ముందుగా పోయి, రైను వరద వెనుక వచ్చెడిది. ఇప్పుడు రెండును ఒక్కమారే కలియు ప్రమాదమేర్పడెను. ఈ తప్పు టుల్లా మీద మోపుట సరికాదు. అతడు తన నదికిరుప్రక్కల వరద వ్యాపించుటకు కొంత మైదానమును మిగిల్చియేయుండెను. దానిని మ్రింగినది తరువాతివారు.

ఇంతలో తీరమునందు రంగుల కార్ఖానాలు, రసాయనశాలలు వెలసి, నగరముల మురుగంతయు నదిలో చేరెను. అల్సాస్ పొటాషు గనుల ఉప్పు నెదర్లాండ్సు తోటలను చెరచుచున్నదని డచ్చివారు మొరపెట్టిరి. సాల్మన్ చేప, ఒకప్పుడు కూలివాండ్రు గూడ తిని విసిగినంత సమృద్ధిగా నుండినది, ఇరువదవ శతాబ్దపు నడిమికి నదినుండి మాయమయ్యెను. 1950లో స్విట్జర్లాండు, ఫ్రాన్సు, జర్మనీ, లక్సెంబర్గు, నెదర్లాండ్సు దేశములు కలిసి నదీరక్షణ సంఘము నొకదానిని ఏర్పరచినవి. యుద్ధము ముగిసి అయిదేండ్లే యైనది. ఒకరి మొగము ఒకరు చూడని దేశములు ఒక బల్లచుట్టు కూర్చుండుట సామాన్యము కాదు. చాలకాలము మాటలే సాగినవి. 1986 నవంబరు 1వ తేదీన బాజెల్ చెంత రసాయనముల గిడ్డంగి యొకటి కాలి, ఆర్పిన నీటితోపాటు విషము నదిలో చేరి, చేపలు గుట్టలుగా చచ్చి తేలెను. తిన్నని నది ఆ విషమును దినములలో నెదర్లాండ్సునకు చేర్చెను. ఆ మరుసటి యేటనే సాల్మన్ చేపను తిరిగి రప్పించుట గురిగా అన్ని దేశములును ఒక కార్యక్రమమునకు ఒప్పుకొనినవి. చేప ఎక్కగల మెట్లకాలువ ఇఫెజ్‌హైమ్ వద్ద 2000 సంవత్సరమున తెరవబడెను. సాల్మన్ చేపలు కొన్ని దానిద్వారా ఎక్కివచ్చినవి.

వరద సంగతియు అట్లే. 1982లో ఫ్రాన్సు, జర్మనీ దేశములు ఒడంబడిక చేసికొని, నదికి టుల్లా తీరున గాక వేరొక తీరున చికిత్స మొదలుపెట్టినవి. వరద వచ్చినప్పుడు ద్వారములు తెరచి, నీటిని కట్టల వెనుకనున్న అడవులలోనికి, మైదానములలోనికి కొన్ని దినములు వదలి, దిగువ నగరములమీద ఒక్కమారే పడకుండ చేయుట ఈ చికిత్స. జర్మన్ గట్టున ఆల్టెన్‌హైమ్ వద్దను, ఫ్రెంచి గట్టున ఎర్ష్టైన్ వద్దను ఇట్టి నిల్వతావులు ఏర్పడినవి. 1995లో వరద భయముచే నెదర్లాండ్సున రెండులక్షలమందికి పైగా ఇండ్లు విడిచిపోవలసి వచ్చిన తరువాత, ఈ పనికి తొందర హెచ్చెను. బాడెన్ ప్రాంతమున మొత్తము పదుమూడు తావులు నిర్ణయింపబడినవి. కొన్ని పూర్తియైనవి, కొన్ని ఇంకను పూర్తికావలసియున్నవి.

ఆలస్యమునకు కారణము ధనాభావము మాత్రమే కాదు. తమ యూరి ప్రక్కనున్న అడవిలోనికి నీరు వదలినచో ఇండ్ల నేలమాళిగలలో ఊట వచ్చునని, దోమలు పెరుగునని, తాతల నాటినుండి ఆరిన నేల మరల చిత్తడియగునని గ్రామస్థులు అభ్యంతరము చెప్పుచున్నారు. ఈసారి సైనికులు రాలేదు. ఇంజనీర్లు పటములు పట్టుకొని ఊరి సభలకు వచ్చుచున్నారు. ఇండ్ల దాపున నీటిమట్టమును కొలుచు బావులు త్రవ్వించుచున్నారు. ఊట హెచ్చినప్పుడు తోడిపోయుటకు పంపులు అమర్చుచున్నారు. సభలు ఒక్కొక్కప్పుడు రాత్రి ప్రొద్దుపోవు వరకు సాగుచున్నవి.